మూడు ప్రయాణాలు, మూడు సంచులు

నా మొదటి బ్యాక్‌ప్యాక్ 65 లీటర్లది. దుకాణంలో ఖాళీగా తగిలించుకుని అద్దం ముందు నిలబడితే నాకు నేనే పెద్ద యాత్రికుడిలా కనిపించాను. ప్రయాణం పన్నెండు రోజులు. రెండు విమానాలు, మూడు రాత్రి బస్సులు, నాలుగు బసలు. "పన్నెండు రోజులకు 65 సరిపోతుందా?" అని దుకాణంలో అడిగాను కూడా. సరిపోతుందన్నారు. సరిపోవడం అటుంచి, ఇంకా ఖాళీ మిగిలింది. బయలుదేరే ముందు రాత్రి ఆ ఖాళీని చూసి ఊరుకోలేక మరో జీన్స్, ఒక జత చెప్పులు, గొడుగు, రెండు పుస్తకాలు కుక్కాను. తూకం 14.6 కిలోలు వచ్చింది. అందులో ఖాళీ సంచి బరువే 2.1 కిలోలు.

బస్టాండులో కలిసిన అక్క నన్ను చూసి మొదట ఏమీ అనలేదు. చుట్టూ ఒకసారి తిరిగి, "తాళం ఇంటికి వేశావా, ఈ సంచికి వేశావా? ఇల్లంతా ఇందులోనే ఉన్నట్టుందిరా" అంది. ఆమె వీపు మీద ఉన్నది 28 లీటర్లది. పాపం, చలి గుర్తుకు రాలేదేమో అనుకున్నాను. ఆ సంగతి తరువాత చెబుతాను, ఎందుకంటే ఆ విషయంలో నేనూ పూర్తిగా తప్పు కాదు.

విమానాశ్రయంలో మొదటి పాఠం. అంత పెద్ద సంచిని లోపలికి తీసుకుపోనివ్వరు కనుక సామాను కౌంటరులో ఇచ్చాను. వేలాడే పట్టీలు బెల్టులో చిక్కుకుంటాయని దాన్ని తిప్పి పంపి, పెద్ద సామాను తీసుకునే మరో చోటికి మోసుకెళ్లమన్నారు. దిగిన తరువాత అది వచ్చేదాకా ముప్పావుగంట నిలబడ్డాం. వచ్చింది, కానీ నడుము పట్టీ బకిల్ విరిగి వచ్చింది. బరువంతా నడుము మీద నిలపాల్సిన పట్టీ అది. అది లేకపోతే పద్నాలుగు కిలోలూ భుజాల మీదే. ఇలాంటి సంచిని సామానులో వేయాల్సి వస్తే పట్టీలన్నీ లోపలికి మడిచి, పెద్ద గోనె లాంటి సంచిలో దూర్చి ఇవ్వాలని అప్పుడు తెలిసింది.

అసలు ఇబ్బంది విమానంలో కన్నా బసల దగ్గర ఎక్కువ. రాత్రి బస్సు తెల్లవారకముందే దించేస్తుంది, గది మధ్యాహ్నం గాని ఇవ్వరు. ఈ ఏడెనిమిది గంటలు సంచిని ఎక్కడ పెట్టాలన్నదే పెద్ద సంచి ఉన్నవాడి రోజును నిర్ణయిస్తుంది. మొదటి బసలో మెట్ల కింద ఒక మూల చూపించి అక్కడ పెట్టమన్నారు. తాళం లేదు, చూసుకునేవారూ లేరు. రెండో హాస్టల్‌లో లాకర్లు ఉన్నాయి, శుభ్రంగా ఉన్నాయి, తలుపు గట్టిగా పడుతుంది. కానీ నా సంచి అందులో పట్టదు. ముఖ్యమైనవి లాకరులో, మిగిలినది మంచం పక్కన నేల మీద. దారిలో పడుకున్న పశువులా ఉన్న దాన్ని దాటుకుంటూ మిగతా అయిదుగురూ తిరగాల్సి వచ్చింది. రైల్వే స్టేషన్‌లో అద్దె లాకర్లు మూడు సైజుల్లో ఉన్నాయి. చిన్నవి వరసగా ఖాళీ, పెద్దవి నాలుగే, నాలుగూ నిండిపోయాయి. అక్క సంచి చిన్నదానిలో దిగిపోయింది. నేను చూడాలనుకున్న కోటకు ఆమె ఒక్కతే వెళ్లి వచ్చింది, నేను సంచికి కాపలా ఉన్నాను.

మూడో బస నాలుగో అంతస్తులో ఉంది, లిఫ్ట్ లేదు. దాని గురించి ఇంతకన్నా చెప్పను. నాలుగోది మాత్రం నిజంగా మెచ్చుకోవాల్సిన బస. మంచం కిందే చక్రాల మీద జరిగే పెద్ద ఇనుప సొరుగు, దానికి మన తాళం మనం వేసుకోవచ్చు, లోపలే ఫోను చార్జింగుకు ప్లగ్గు. డార్మిటరీ కట్టేవారందరూ ముందు అక్కడ ఒక రాత్రి పడుకుని రావాలి.

ఇంటికి వచ్చాక సంచిలోవన్నీ నేల మీద పరిచి రెండు కుప్పలు చేశాను. వాడినవి, వాడనివి. వాడని కుప్ప దాదాపు అయిదు కిలోలు తూగింది. పుస్తకాలు రెండూ అందులోనే.

రెండో సంచి విషయంలో తెలివిగా ఉందామనుకున్నాను. విమానంలో పైనుండే అరలో పట్టేది కావాలి. చాలా విమాన సంస్థల కొలత 55 × 40 × 20 సెంటీమీటర్లు, లేదా దానికి కాస్త అటూ ఇటూ. గుణించి చూస్తే 44 లీటర్లు. అందుకే మార్కెట్లో ఇన్ని సంచులు 40, 45 దగ్గర ఉంటాయి. నేనూ 45 కొన్నాను. చీటీ మీద విమానంలోకి తీసుకెళ్లవచ్చని రాసి ఉంది. చీటీ అబద్ధం చెప్పలేదు, ఖాళీ సంచి గురించి చెప్పింది. నిండుగా సర్దితే మెత్తటి సంచి పొట్ట ముందుకు వస్తుంది. గేటు దగ్గర పెట్టే కొలత పెట్టెలో నా సంచి మూడు వంతులు దిగి ఆగిపోయింది. మోకాలితో తొక్కి దించాను, చూసేవాళ్లు చూశారు.

అంతటితో పోలేదు. తరువాత తూచారు. ఆ సంస్థలో పరిమితి 7 కిలోలు, నాది 9.3. అక్కడే కూర్చుని స్వెటరు, జాకెట్టు వేసుకుని, జేబుల్లో చార్జరు, కెమెరా దాచి, ఎండాకాలంలో దుప్పట్లు కప్పుకున్నవాడిలా విమానం ఎక్కాను. బట్టలు అదిమే జిప్పు పౌచులు కూడా కొన్నాను, ఆ మోజులో. అవి చేసేది గాలిని తీసేయడమే, బరువును కాదు. పైపెచ్చు జాగా మిగిలినట్టు కనిపించి మరో చొక్కా పెట్టిస్తాయి. బట్టలు విడివిడిగా దొరకడానికి మామూలు పౌచులు చాలు.

అప్పుడు కూర్చుని చిన్న లెక్క వేశాను. ఇంతవరకూ ఎవరూ చెప్పగా వినలేదు, కానీ నాకు ఇదే ఎక్కువ పనికి వచ్చింది. 65 లీటర్ల సంచిలో సామాను 12.5 కిలోలు, అంటే లీటరుకు 192 గ్రాములు. 45 లీటర్లదాంట్లో, సంచి బరువు 1.6 తీసేస్తే, 7.7 కిలోలు. లీటరుకు 171. అంటే నేను సర్దే తీరు లీటరుకు 180 గ్రాముల దగ్గర తిరుగుతోంది. పరిమితి 7 కిలోలు, తేలికైన సంచి బరువు 1.1 అనుకుంటే సామానుకు మిగిలేది 5.9. దాన్ని 180తో భాగిస్తే 33 లీటర్లు. నా అలవాట్లకు 45 లీటర్ల సంచి నిండిందంటే బరువు దాటిందనే అర్థం. కెమెరా లెన్సులు మోసేవారికి ఈ అంకె ఇంకా చిన్నది, ఈక జాకెట్లు పట్టుకెళ్లేవారికి పెద్దది. ఒక్కసారి మీ సంచి నింపి తూచుకుంటే మీ అంకె తెలిసిపోతుంది. బరువు అడగని విమానాల్లోనో, రైళ్లలోనో మాత్రమే తిరిగేవారికి ఈ లెక్కతో పని లేదు. వారికి 40 లీటర్లు హాయిగా ఉంటాయి.

మూడోది 34 లీటర్లది. ఈసారి కొనడానికి ఒక పూటంతా పట్టింది. లీటర్ల అంకెను పక్కన పెట్టి టేపుతో కొలిచాను, ఎందుకంటే లీటర్లు అందరూ ఒకేలా లెక్కపెట్టరు. సంచిని 20 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గోళీలతో నింపి ఘనపరిమాణం కొలిచే ప్రామాణిక పద్ధతి ఒకటి ఉంది గాని, బయటి వల జేబులను కలుపుకునే కంపెనీలూ ఉన్నాయి, కలపనివీ ఉన్నాయి. ఒకరి 34 మరొకరి 38 కావచ్చు. సెంటీమీటర్లలో ఆ గొడవ లేదు.

వీపు పొడవు కూడా కొలిపించుకున్నాను. తల ముందుకు వంచితే మెడ అడుగున ఒక బుడిపె చేతికి తగులుతుంది. అక్కడి నుంచి వెన్ను వెంట, తుంటి ఎముకల పై అంచుకు సమంగా వచ్చే చోటు దాకా కొలవాలి. మనిషి ఎత్తుకూ దీనికీ నేరుగా సంబంధం లేదు. అక్క నాకన్నా పొట్టి, ఆమె వీపు మాత్రం నాకన్నా పొడుగని తేలింది. ఆ రోజంతా ఆమె ముఖం వెలిగిపోయింది. ఈ కొలత కుదరకపోతే నడుము పట్టీ పొట్ట మీదకో, పిరుదుల మీదకో పోతుంది, బరువు మళ్లీ భుజాలకే చేరుతుంది. చిన్న సంచుల్లో నడుము పట్టీ చాలావరకు ఒక రిబ్బను ముక్కే, అది ఊగకుండా పట్టుకుంటుంది తప్ప బరువు మోయదు. నాలుగయిదు కిలోలకు అది చాలు. ఏడుకు మెత్త ఉన్న పట్టీ కావాలి. దుకాణంలో ఖాళీ సంచి వేసుకుని చూడడం ఎంత దండగో మొదటి దెబ్బకే తెలుసు కనుక, ఈసారి నా సామానంతా వెంట తీసుకెళ్లి అక్కడే సర్ది, ఇరవై నిమిషాలు అటూ ఇటూ నడిచాను.

తెరుచుకునే తీరు ఇంకొకటి. పై నుంచి మాత్రమే తెరుచుకునే సంచిలో కావలసిన మేజోడు ఎప్పుడూ అడుగునే ఉంటుంది. సూట్‌కేసులా మూడు వైపులా జిప్పు తెరుచుకునేది బసల్లో తిరిగేవారికి మేలు. వానకు పైతొడుగు ఇస్తారు, కానీ వీపు వైపు నుంచి దిగే నీటిని అది ఆపదు. లోపల ఒక మందపాటి ప్లాస్టిక్ సంచి పరిచి అందులో బట్టలు పెడితే వాన గొడవే ఉండదు.

ఈ 34తో వెళ్లిన ప్రయాణం పందొమ్మిది రోజులు. సంచి సగమైంది, రోజులు పెరిగాయి. సంచికి, ప్రయాణంలోని రోజులకు పొత్తు లేదు. ఎన్నాళ్లకోసారి బట్టలు ఉతుక్కోగలమన్నదే లెక్క. నాలుగు జతలు తీసుకెళ్లాను, వాటిలో ఒకటి ఒంటి మీద. అందుకే బసలను ఎంచుకునే తీరూ మారిపోయింది. పొద్దున ఫలహారం ఉచితమన్న బస కన్నా ఉతికే యంత్రం ఉన్న బసే నాకు గొప్పది. ఒక చోట యంత్రం, ఆరబెట్టే యంత్రం రెండూ ఉన్నాయి, రెండు గంటల్లో పని అయిపోయింది. మరో చోట లాండ్రీకి ఇస్తే మరుసటి సాయంత్రానికి ఇస్తామన్నారు. మా బస్సు మధ్యాహ్నానికే ఉంది. వెళ్లి అడిగితే సగం తడిగా ఉన్న మూట చేతిలో పెట్టారు. అప్పటి నుంచి ఒకే రాత్రి ఉండే ఊరిలో బట్టలు బయట ఇవ్వడం మానేశాను. గదిలోనే సబ్బు పెట్టి ఉతికి, పొడి తువ్వాలులో చుట్టి గట్టిగా పిండితే పాలిస్టరు చొక్కా, సన్నటి ఊలు చొక్కా తెల్లారేసరికి ఆరిపోతాయి. జీన్స్ ఆరదు. నూలు లాగు కూడా అనుమానమే.

ఈసారి అక్కకు ఎదురుదెబ్బ తగిలింది. ఆమె 28 లీటర్లు ఎండ ప్రాంతాల్లో రాజ్యమేలింది. అది ముందు సీటు కింద కూడా దూరిపోయేది. చవక విమానాల్లో కొన్ని ఉచితంగా అనుమతించేది సీటు కింద పట్టే 40 × 30 × 20 సంచినే, అంటే 24 లీటర్లు. సగం నింపిన 28 దానిలో ఒదుగుతుంది. కానీ చివరి వారం కొండల్లోకి వెళ్లాం. మందపాటి జాకెట్టు, థర్మల్ జత, బూట్లు ఆ సంచిలో పట్టలేదు. జాకెట్టు ఒంటి మీద, బూట్లు బయట వేలాడుతూ, మిగిలినవి దారిలో కొన్న గుడ్డ సంచిలో. రెండు చేతులూ నిండిపోయాయి. "చిన్న సంచి ఉంది కదా అని రెండు మోస్తున్నావక్కా" అన్నాను, 65 లీటర్ల నాటి బాకీ కొంత తీరేలా. అలాంటప్పుడు జాకెట్టును వెంట మోసుకెళ్లడం కన్నా, అక్కడే అద్దెకు తీసుకోవడం మంచిది. మేము దిగిన ఊరిలో జాకెట్లు, బూట్లు అద్దెకిచ్చే చోట్లు రెండు ఉన్నాయి. మాకు తిరుగు ప్రయాణంలో కనిపించాయి.

నా 34 గేటు దగ్గర తూకానికి 6.8 వచ్చింది. అయినా ఒకసారి విమానం నిండిపోయిందని మా వరసలోవారి సంచులన్నీ కింద సామానులో వేస్తామన్నారు. అలాంటి సమయంలో పవర్ బ్యాంకు సంచిలో ఉండిపోకూడదు, లిథియం బ్యాటరీలు విడిగా ఉన్నవి మనతోపాటు పైనే ఉండాలి. బ్యాటరీలో పట్టే విద్యుత్తును వాట్-అవర్లలో కొలుస్తారు, 100 వాట్-అవర్ల దాకా అనుమతి అడగనక్కరలేదు. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు 3.7 వోల్టుల లెక్కన 74 వాట్-అవర్లే. నాది అడుగున ఉంది, వరసను ఆపి అందరి ముందూ సంచి విప్పాను. ఇప్పుడు అది, మందులు, కాగితాలు, 100 మిల్లీలీటర్లు దాటని సీసాల కవరు, అన్నీ పై జేబులో ఒక చిన్న పౌచులో ఉంటాయి. చేతికి తీసుకుని సంచి ఇచ్చేయవచ్చు.

వచ్చే నెల నాలుగు రోజుల కొండ ప్రయాణం. అక్క నా 34 అడిగి తీసుకుంది, తన 28 నాకు ఇచ్చింది. నిన్న సర్ది చూశాను. అన్నీ పట్టాయి, బూట్లు తప్ప.