పాల్-డీవీడీ అన్న ఒక్క మాట: ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో నాలుగేళ్లు

ఇంటి వేడుకల వీడియోలను తెనాలిలో ఉన్న నాన్నగారి డీవీడీ ప్లేయర్‌లో ఆడేలా మార్చడం కోసమే నాలుగేళ్లుగా ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత వీడియో మార్పిడి సాఫ్ట్‌వేర్‌ను వాడుతున్నాను. ఆయన ఫోనులో వీడియో చూడరు. రిమోటు నొక్కగానే టీవీలో బొమ్మ రావాలి, హోమ్ థియేటర్‌లోంచి మాట వినిపించాలి. బొమ్మ విషయంలో నాకు ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ పేచీ రాలేదు కాబట్టి, ఇక్కడ రాసేదంతా మాట గురించే.

అంతకుముందు డబ్బు పెట్టి కొన్న మరో సాఫ్ట్‌వేర్ ఉండేది. నాన్నగారి షష్టిపూర్తి డిస్కును దానితోనే తయారుచేసి, ల్యాప్‌టాప్‌లో ఒకటికి రెండుసార్లు ఆడించి చూసుకుని, కొరియర్‌లో పంపాను. డిస్కు అందిన సాయంత్రమే ఫోను వచ్చింది: "బొమ్మ బాగానే ఉంది గానీ, ఒక్కరికీ నోరు పెగలడం లేదురా." డిస్కు సరిగా రాయబడలేదేమోనని ఇంకొకటి పంపితే అదీ మూగదే అయింది. విచిత్రమేమంటే, అదే డిస్కు పక్కింటివారి ప్లేయర్‌లో చక్కగా మాట్లాడింది. నాన్నగారి ప్లేయర్‌లో సినిమా డిస్కులు ఎప్పటిలాగే మోగుతున్నాయి. తప్పు డిస్కుదీ కాదు, ప్లేయర్‌దీ కాదు అన్నట్టు తయారైంది వ్యవహారం.

చివరికి నేనే ఊరికి వెళ్లి, ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో పాటు వచ్చే, ఫైలు వివరాలు చూపే ఎఫ్ఎఫ్‌ప్రోబ్‌తో డిస్కులోని ఫైలును పరీక్షిస్తే, ఆడియో ఎంపీ2 అనే పద్ధతిలో కుదించి ఉందని తేలింది. మన దేశంలో వాడే పాల్ పద్ధతి డీవీడీలలో ఎంపీ2 చెల్లుతుంది, కాబట్టి ఆ సాఫ్ట్‌వేర్ నియమం తప్పిందని అనలేను. అయితే నాన్నగారి ప్లేయర్ ధ్వనిని తాను విప్పకుండా, ఆప్టికల్ కేబుల్ ద్వారా ఉన్నదున్నట్టుగా హోమ్ థియేటర్‌కు పంపుతోంది. ఆ హోమ్ థియేటర్‌కేమో సినిమా డిస్కుల్లో ఉండే ఏసీ-3 (డాల్బీ డిజిటల్), డీటీఎస్ అనే ధ్వని పద్ధతులు తెలుసు గానీ ఎంపీ2 తెలియదు. పక్కింట్లో ప్లేయర్ నేరుగా టీవీకే కలిపి ఉంది కనుక అక్కడ ప్లేయరే విప్పి వినిపించింది. కొన్న సాఫ్ట్‌వేర్‌లో ఆడియోను ఏసీ-3కి మార్చుకునే చోటు ఎంత వెతికినా నాకు కనబడలేదు.

ఆ రాత్రే అసలు వీడియోను ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కు ఇచ్చి, టార్గెట్ అన్నచోట పాల్-డీవీడీ అని రాశాను. ఆ ఒక్క మాటతో వీడియో డీవీడీలకు వాడే ఎంపెగ్-2 అయింది, ఆడియో 448 కేబీపీఎస్ ఏసీ-3 అయింది, ఫోనులో తీసిన తునకల్లోని 44.1 కిలోహెర్ట్జ్ (సెకనుకు అన్ని వేల నమూనాల) ధ్వని డీవీడీకి తప్పనిసరి అయిన 48కి చేరింది. డీవీడీఆథర్ అనే మరో సాఫ్ట్‌వేర్‌తో డిస్కు రూపం ఇచ్చి, రాసి, ప్లేయర్‌లో పెట్టగానే సన్నాయి మోగింది. అమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చింది. అప్పటి నుంచి నేను ఈ ఒక్క మాటకు ప్రచారకర్తనైపోయాను.

ప్రచారంలో కొంత తగ్గించుకోవలసింది కూడా ఉంది. చెల్లెలి గృహప్రవేశానికి వీడియో తీసిన అబ్బాయి కెమెరా ఫైళ్లే నేరుగా ఇచ్చాడు. అలవాటు ప్రకారం మార్చి పంపితే, డోలు సన్నాయి ఘనంగా వినబడుతున్నాయి గానీ పంతులుగారు పెదవులు మాత్రమే కదుపుతున్నారు. ఆ ఫైల్లో ఆడియో రెండు విడి మోనో ట్రాకులుగా ఉంది: మొదటిది కెమెరా మైకుది, రెండోది పంతులుగారి కండువాకు తగిలించిన మైకుది. మనం చెప్పకపోతే ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఒక్క ఆడియో ట్రాకునే తీసుకుంటుంది, అన్నీ సమానంగా ఉంటే మొదటిదాన్ని. మంత్రాలన్నీ రెండోదానిలో ఉండిపోయాయి. రెండింటినీ ఎమిక్స్ అనే ఫిల్టర్‌తో కలపమని చెప్పాక సరిపోయింది. ఇప్పుడు ఏ ఫైలు చేతికొచ్చినా ముందు ట్రాకులు లెక్కపెట్టందే మార్చడం లేదు.

ఫోను తునకలను అతికించి ఒకే పొడవాటి ఫైలుగా చేసినప్పుడు కూడా ఇబ్బంది వచ్చింది. ఒక్కో తునకలో బొమ్మ నిడివికీ ధ్వని నిడివికీ కాస్త తేడా ఉంటుంది. నలభై తునకలు దాటేసరికి ఆ తేడాలన్నీ పోగై, పెదవులు ఒక దారి, మాటలు ఒక దారి అయ్యాయి. ఒక్కో తునకను విడిగా మార్చి, డీవీడీఆథర్‌లో వరసగా పేర్చడం మొదలుపెట్టాక ఆ బాధ తగ్గింది. ఇక 448 అన్నది సినిమా స్థాయి. ఇంటి స్టీరియోకు 192 చాలు, గంటకు సుమారు 115 ఎంబీ మిగులుతుంది. ఆ అంకెను టార్గెట్ మాట తరవాత రాసుకోవాలి. నాయనమ్మ గొంతు ఉన్న పాత త్రీజీపీ ఫైలు 8 కిలోహెర్ట్జ్‌ది. దాన్ని 48కి పెంచినంత మాత్రాన స్పష్టత ఏమీ పెరగలేదు, డిస్కు ఎక్కి వినబడింది, అంతే.

కొన్న సాఫ్ట్‌వేర్ మీద నా కోపం కూడా మునుపటంత లేదని ఒప్పుకోవాలి. ఆరు నెలల తరవాత ప్లేయర్ సెట్టింగుల్లోకి వెళ్లి చూస్తే, డిజిటల్ అవుట్‌పుట్ దగ్గర బిట్‌స్ట్రీమ్ (ధ్వనిని విప్పకుండా పంపడం) బదులు పీసీఎం (ప్లేయరే విప్పి పంపడం) ఎంచుకుంటే ఆ మూగ డిస్కులు కూడా మాట్లాడాయి. అయితే అలా పెడితే నాన్నగారి సినిమా డిస్కుల్లోని 5.1 (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) ధ్వని కాస్తా రెండు స్పీకర్లకే పరిమితమైపోతుంది, ఆయన దానికి ఒప్పుకోలేదు. కాబట్టి సెట్టింగును పాతచోటే వదిలేసి, డిస్కులనే ఏసీ-3లో చేస్తున్నాను.

ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కు బటన్లు ఉండవు, నల్ల తెర మీద ఆదేశాలు టైపు చేయాలి; అది నాకు ఉద్యోగరీత్యా అలవాటే. ఆ అలవాటు లేని మా బావగారికి దీన్ని నేర్పబోయి రెండు ఆదివారాలు పోగొట్టుకున్నాను. ఆయన ఇప్పటికీ ఫైళ్లు నాకే పంపిస్తున్నారు. ప్లేయర్‌ను నేరుగా టీవీకి కలుపుకున్న ఇంట్లోనైతే నేను మానేసిన ఆ పాత సాఫ్ట్‌వేరే చాలేమో. మా ఇంట్లో మాత్రం, ఆ హోమ్ థియేటర్ పనిచేస్తున్నంత కాలం, ఇదే.