సింహానికి గుజరాత్ ఒక్కటే చాలా, రెండో చోటు కావాలా? ఏది మేలు?

గుజరాత్‌లో 2015లో 523 సింహాలు ఉండేవి. 2025 లెక్కల్లో 891 తేలాయి. ఆఫ్రికా అంతా కలిపినా 20 నుంచి 25 వేలకు మించి లేవని అంచనా వేస్తున్న రోజుల్లో ఇది సంతోషించాల్సిన మాటే. ఆఫ్రికాలో అడవులు ముక్కలయ్యాయి. సింహం తినే జంతువులను మనుషులే ఉచ్చులు వేసి పడుతున్నారు, పశువును చంపిందన్న కోపంతో కళేబరాలకు విషం పెడుతున్నారు. అయినా నా టెన్షన్ గుజరాత్‌లోని గిర్ అడవి గురించే. ఆసియా సింహం అడవిలో బతుకుతున్నది ప్రపంచంలో గిర్ ఉన్న ఆ ఒక్క సౌరాష్ట్రలోనే.

గుజరాత్ వాదన, సింహాలను వాటంతట అవే విస్తరించనివ్వమని. 2023లో ఒక మగసింహం పోర్‌బందర్ దగ్గరి బరడా అడవికి చేరింది. 2025కు అక్కడ 17 ఉన్నాయి. మత్తిచ్చి లారీ ఎక్కించే పని లేదు. అక్కడి మాల్ధారీ పశువుల కాపరులకు సింహం పక్కన బతకడం తరాల అలవాటు. ఇదంతా నిజమే. కానీ సగానికి పైగా సింహాలు ఇప్పటికే అభయారణ్యం బయట తిరుగుతున్నాయి. గట్టు లేని బావుల్లో పడి, రైళ్ల కింద పడి చనిపోతున్నాయి.

రెండో దారి, కొన్నింటిని వేరే రాష్ట్రానికి పంపడం. దీనికోసమే మధ్యప్రదేశ్‌లోని కూనోలో 24 ఊళ్లు ఖాళీ చేయించారు. ఆ ఊళ్లు వదిలిన వాళ్లలో ఎక్కువమంది సహరియా గిరిజనులు. ఆరు నెలల్లో సింహాలను పంపమని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. ఒక్కటీ రాలేదు. 2022లో అక్కడికి చీతాలు వచ్చాయి. ఆ కుటుంబాలను తలచుకుంటే బాధేస్తుంది.

నా ఓటు రెండో దారికే. కారణం రోగం. 2018లో గిర్ పరిధిలోని ఒకే ప్రాంతంలో కొన్ని వారాల్లో 20కి పైగా సింహాలు చనిపోయాయి. వాటిలో కుక్కలకు వచ్చే డిస్టెంపర్ వైరస్ బయటపడింది. 1994లో ఇదే వైరస్ టాంజానియాలోని సెరెంగెటిలో దాదాపు వెయ్యి సింహాలను, అంటే మూడోవంతును తీసుకుపోయింది. అక్కడ మిగిలినవే వేలల్లో ఉన్నాయి కాబట్టి మళ్లీ పుంజుకున్నాయి. ఇక్కడ ఉన్నవే 891. సింహం నడిచి వెళ్లగలిగిన బరడాకు వైరస్ కూడా నడిచి వెళ్తుంది.

సింహం తమ గౌరవమని గుజరాత్ అంటుంది. ఒంగోలు వాడిగా ఆ మాట నాకు అర్థమవుతుంది. మా ఒంగోలు జాతి పశువులు బ్రెజిల్ వెళ్లి నెలోర్ పేరుతో కోట్లలో పెరిగాయి. ఇక్కడ ట్రాక్టర్లు వచ్చాక మేలు గిత్తలు తగ్గిపోయాయి. అక్కడ పెరిగాయని ఒంగోలు పేరు తగ్గిందా? ఎక్కడున్నా అవి ఒంగోలువే.

చీతాలున్న కూనోకే పంపాలని పట్టుబట్టను. తిండికి జింకలు, దుప్పులు దండిగా ఉన్న వేరే అడవైనా సరే, గుజరాత్ బయట ఉంటే చాలు. బరడాను ఆపక్కర్లేదు, దాన్ని రెండో చోటు కింద లెక్కవేయకుండా ఉంటే చాలు. పంపేటప్పుడు మాత్రం ఆడసింహాలు, పిల్లలతో గుంపులుగా, ఆరోగ్యంగా ఉన్నప్పుడే పంపాలి. రోగం మొదలయ్యాక తరలిస్తే రోగాన్నీ వెంట పంపినట్టే.