తిప్పుడు కాజలా, ఇంట్లో పట్టిన కాటుకా?

కాజల్ కొనేటప్పుడు అందరూ చేతి మీద గీసి నలుపు చూస్తారు. చూడాల్సింది తెలుపు. చారెడేసి కళ్ళని, కలువ కళ్ళని మురిసిపోతామే, వాటిలో మనల్ని పట్టి ఆపేది నల్లగుడ్డుకీ తెల్లగుడ్డుకీ ఉన్న తేడా. రెప్ప అంచున నల్లగీత పడగానే పక్కనున్న తెలుపు ఇంకా తెల్లగా కనిపిస్తుంది. కాటుక చేసే పని అదే. అమెరికాలో రాబర్ట్ ప్రొవైన్ బృందం 2011లో ప్రచురించిన పరిశోధనలో కళ్ళ ఫొటోల్లో తెల్లగుడ్డును ఎర్రగా మార్చి చూపిస్తే, చూసినవాళ్ళు ఆ కళ్ళకు అందం తక్కువన్నారు, నలతగా ఉన్నాయన్నారు. అందుకే కన్ను ఎర్రబరిచే కాజల్ ఎంత కారునలుపైనా దండగే.

ముందు 0.35 గ్రాముల తిప్పుడు కాజల్, అంటే అడుగు తిప్పితే ముల్లు బయటికొచ్చే పెన్సిల్. ఇందులో మైనాలు, సిలికాన్ నూనెలు, నలుపు కోసం ఐరన్ ఆక్సైడ్ (అట్టపెట్టె మీద సి.ఐ. 77499) ఉంటాయి. తేలిక సిలికాన్ ఆవిరైపోయాక గీత పొరలా బిగుసుకుంటుంది. గీశాక అర నిమిషం రెప్పలు గట్టిగా మూయకండి, లేదంటే పై రెప్పకు అచ్చు పడుతుంది. ముల్లు రెండు మిల్లీమీటర్లకు మించి బయటికి తిప్పొద్దు. ఎండాకాలం మెత్తబడి అక్కడికక్కడే విరుగుతుంది. పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెడితే మళ్ళీ గట్టిపడుతుంది.

అసలు చిక్కు గీసే చోటులో ఉంది. రెప్ప లోపలి తడి అంచులో కన్నీటికి నూనె అందించే గ్రంథుల నోళ్ళు వరసగా ఉంటాయి, కింది రెప్పకే ఇరవై పైన. రోజూ వాటి మీద మైనం పూస్తే కన్ను పొడిబారుతుంది, మండుతుంది, ఎర్రబడుతుంది, ఒక్కోసారి కంటికురుపు లేస్తుంది. పైగా ఆ లేత అంచు దూరం నుంచి తెలుపులో కలిసి కన్నును పెద్దది చేసి చూపిస్తుంది. దాన్ని నల్లగా నింపితే చిన్నకళ్ళు ఇంకా చిన్నవవుతాయి. వెంట్రుకల మొదళ్ళకు బయట, చివరి కొస నుంచి లోపలికి మూడింట రెండు వంతులు గీసి ఆపండి. ముక్కు వైపు కొస వదిలేయాలి. కన్నీరు చేరేది అక్కడే, కాజల్ పుసిలా నల్లగా ముద్దకట్టేదీ అక్కడే.

ఇంటి కాటుక సంగతి వేరు. ఆముదం దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి పట్టిన మసిలో నాలుగు చుక్కల నెయ్యి. గీత అంచు మెత్తగా కరిగినట్టుంటుంది, ఆ సోగతనం ఏ పెన్సిల్‌కీ రాదు. వత్తి బాగా పైకి లాగితే మసి గరుకుగా దిగుతుంది. పల్చటి గుడ్డలో జల్లించి, వేళ్ళ మధ్య రాసి చూడండి. రవ్వంత గరగరలాడినా కంటికి వద్దు. నెయ్యి ఒంటి వేడికే కరుగుతుంది కాబట్టి మధ్యాహ్నానికి కంటి కిందకి దిగిపోతుంది. సాయంత్రం రెండు గంటలసేపు సాగే పేరంటానికి సరే, పెళ్ళికి రోజంతా అంటే నిలవదు. సీసం ఉండే రాతి సుర్మా జోలికి అసలు పోవద్దు. పసిపిల్లల కంట్లో ఏదీ వద్దు, దిష్టిచుక్క అరికాలికి చాలు.

వెంట్రుకల మొదళ్ళకు బయట గీసేవాళ్ళ కోసం నేనిచ్చే మార్కులు: తిప్పుడు కాజల్‌కు ఐదుకు నాలుగు, ఇంటి కాటుకకు మూడు. రాత్రి దూదిపై రెండు చుక్కల కొబ్బరినూనె వేసి, మూసిన కంటిపై ఇరవై సెకన్లు ఆనించి తుడవండి. లెన్సులుంటే ముందు అవి తీయాలి. కళ్ళకలక వచ్చి తగ్గితే, సగం మిగిలినా సరే, ఆ కాజల్ పారేయండి.