మైనస్ 6 దాటిన కంటికి మల్టీఫోకల్ లెన్స్ సరిపడుతుందా?

విజయవాడ సూర్యారావుపేటలో గానీ గుంటూరు కొత్తపేటలో గానీ శుక్లం ఆపరేషన్‌కి వెళ్తే మల్టీఫోకల్, అంటే దూరమూ దగ్గరా రెండూ కనిపించేలా కంటి లోపల పెట్టే లెన్స్, మాట ఎత్తకుండా ఉండరు. లెన్స్ మంచిదే. చిక్కంతా ఎక్కువ మైనస్ ఉన్న కంటితోనే.

మామూలు కంటిగుడ్డు పొడవు 23, 24 మిల్లీమీటర్లు. ఎక్కువ మైనస్ ఉన్నవాళ్లది 26 పైనే. కొలత ఒక్క మిల్లీమీటరు తప్పితే లోపల పెట్టే లెన్స్ పవర్ దాదాపు రెండు పాయింట్లు తప్పుతుంది. కంటి వెనక గోడ ఉబ్బి ఉంటే అల్ట్రాసౌండ్‌తో పొడవు కొలిచే ఏ-స్కాన్ ఆ గుంట లోతు దాకా కొలిచేసి, ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. అందుకే ఐఓఎల్ మాస్టర్ లాంటి, కాంతితో కొలిచే మెషిన్ ఉందో లేదో ముందే అడగండి. లెన్స్ పవర్ లెక్కకట్టే ఫార్ములాల్లో పాత ఎస్‌ఆర్‌కే-టి పొడవు కళ్లను ప్లస్‌లోకి నెడుతుంది, బారెట్ ఫార్ములా చాలా నయం. ప్లస్‌లో పడ్డారంటే దూరమూ దగ్గరా రెండూ మసకే. కాంటాక్ట్ లెన్స్ వాడేవాళ్లు కొలతకి ముందు కొన్నాళ్లు మానేయాలి.

ఇక ఎవరూ ముందు చెప్పని సంగతి. మైనస్ 8 ఉన్నవాళ్లు అద్దాలు తీసేసి 12 సెంటీమీటర్ల దూరంలో సూదిలో దారం ఎక్కిస్తారు, బియ్యంలో మట్టిబెడ్డలు ఏరతారు. ఆపరేషన్‌తో ఆ చూపు పోతుంది. పాన్‌ఆప్టిక్స్ లాంటి ట్రైఫోకల్‌లో (దూరం, మధ్య, దగ్గర మూడూ చూపే మల్టీఫోకల్) దగ్గర చూపు కుదిరేది 40 సెంటీమీటర్ల వద్ద, కంప్యూటర్‌కి 60. పేపర్, ఫోన్ హాయిగా చదవొచ్చు. బంగారం పని, మగ్గం పని చేసేవాళ్లు మాత్రం ఇది ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి.

ఈ లెన్స్ వచ్చిన వెలుగును పంచేస్తుంది కాబట్టి కాంట్రాస్ట్, అంటే వెలుగునీడల తేడా తెలిసే స్పష్టత, కొంత తగ్గుతుంది. రాత్రి ప్రకాశం బ్యారేజీ మీద ఎదురొచ్చే హెడ్‌లైట్ల చుట్టూ వలయాలు కనిపిస్తాయి. చాలామందికి నెలలు గడిచేకొద్దీ అలవాటవుతుంది. రాత్రిళ్లు హైవే మీద బండి నడిపేవాళ్లకి ఒకే దూరానికి పనిచేసే మోనోఫోకల్ లెన్స్ మేలు. మాక్యులా (కంటి వెనక పొర రెటీనాలో నడిమి భాగం) పలచబడినా, దెబ్బతిన్నా మల్టీఫోకల్ వద్దు. ఓసీటీ అనే రెటీనా స్కాన్, చుక్కలు వేసి రెటీనా అంచుల దాకా పరీక్ష, ఈ రెండూ కాకుండా డబ్బు కట్టకండి.

ఒక కన్ను అయ్యాక రెండోదాన్ని నెలల తరబడి వాయిదా వేస్తే రెండు కళ్ల మధ్య తేడాకి తల తిరుగుతుంది. ఆపరేషన్ తర్వాత మెరుపులు, కొత్తగా నల్లచుక్కలు, తెర దిగినట్టు నీడ కనిపిస్తే రెటీనా ఊడుతుండొచ్చు. పొడవు కళ్లకి ఆ ముప్పు ఎక్కువ. తెల్లారేదాకా ఆగకుండా అప్పుడే ఆస్పత్రికి వెళ్లాలి.