వెనక యాక్సిల్ అరిగితే: రిపేర్ బేరింగా, కొత్త షాఫ్టా?

కొన్ని వెనక యాక్సిళ్లలో బేరింగ్‌కి లోపలి రేస్ (రోలర్లు తిరిగే లోపలి రింగు) ఉండదు, రోలర్లు నేరుగా షాఫ్ట్ (చక్రాన్ని తిప్పే కడ్డీ) మీదే తిరుగుతాయి. అందుకే బేరింగ్ పోతే షాఫ్ట్ కూడా దెబ్బతింటుంది. వేగంతో పాటు పెరిగే హోరు, చక్రంలో ఆట (లూజు), బ్రేక్ డ్రమ్ లోపల నూనె కనిపిస్తే షాఫ్ట్ బయటికి లాగి చూడాల్సిందే. రోలర్లు తిరిగిన చోట గోటితో గీరి చూడండి. గోరు గాడిలో తగులుకుందంటే, అక్కడ మామూలు కొత్త బేరింగ్ వేసినా ఎక్కువ కాలం నిలవదు.

అరిగిన షాఫ్ట్‌ని మార్చకుండా వేసేది రిపేర్ బేరింగ్. అందులో సీలు (నూనె కారకుండా ఆపే రింగు) కూడా కలిసే వస్తుంది. రోలర్లు కాస్త పక్కకి జరిగి, అరగని భాగం మీద తిరుగుతాయి. ఖర్చు తక్కువ, పాత షాఫ్టే సరిపోతుంది. కానీ ఆ కొత్త చోటు నున్నగా ఉండాలి, అరుగుదల లోతుగా ఉండకూడదు.

కొత్త షాఫ్ట్‌కి ఖర్చెక్కువ. పొడవు, స్ప్లైన్ల (షాఫ్ట్ చివర ఉండే పళ్ల) సంఖ్య, బోల్టుల అమరిక అన్నీ సరిపోవాలి. అయినా బరువులు లాగే బండికి నేను ఇదే వేయమంటాను. షాఫ్ట్ వంగినా, నీలం రంగుకి మాడినా రిపేర్ బేరింగ్ ఆలోచనే వద్దు.

ఏది వేసినా, నూనె పీల్చుకున్న బ్రేక్ షూలను మాత్రం తప్పకుండా మార్చేయండి.