ఓడోమీటర్ ఆగితే లోపలి గేరు మార్చాలా, మీటరే మార్చాలా?

ముందు ఒకటి చూసుకోండి. పాత మారుతి 800 లాంటి, మీటరు కేబుల్‌తో తిరిగే బండిలో స్పీడు ముల్లు, కిలోమీటర్ల అంకెలు (ఓడోమీటర్) రెండూ ఒకేసారి ఆగాయంటే మీటరు విప్పకండి. గేర్‌బాక్స్ నుంచి వచ్చే కేబులో, దాన్ని తిప్పే చిన్న గేరో పోయి ఉంటుంది. ముల్లు కదులుతూ అంకెలు మాత్రమే ఆగితేనే గేరా, మీటరా అన్న ఈ పోలిక.

అప్పుడు సాధారణంగా మీటరు లోపలి ప్లాస్టిక్ గేరు పన్ను విరిగి ఉంటుంది, లేదా ఇరుసు మీద పట్టు వదిలి ఊరికే తిరుగుతుంటుంది. ఆ ఒక్క గేరు మారిస్తే ఖర్చు తక్కువ, పాత రీడింగ్ కూడా పోదు. చిక్కంతా విప్పడంలోనే. నెల్లూరు ఎండల్లో ఏళ్ల తరబడి నిలబడ్డ బండిలో క్లిప్పులు పెళుసెక్కి ఉంటాయి, లాగితే పుటుక్కుమంటాయి. ముల్లు తీయాల్సి వస్తే అది ఆగే చోటు గుర్తు పెట్టుకోవాలి. లేదంటే స్పీడు తప్పు చూపిస్తుంది.

సెకండ్ హ్యాండ్ మీటరు బిగించడం త్వరగా అయిపోతుంది. కానీ దాని గేరూ అంతే పాతది కదా! పైగా వేరే బండి కిలోమీటర్లు మన నెత్తికెక్కుతాయి. పాత రీడింగ్, కొత్త రీడింగ్ రెండూ బిల్లు మీద రాయించుకోవాలి, అమ్మేటప్పుడు కొనేవాళ్లకు చెప్పాలి. మోడల్ కూడా అదే అయి ఉండాలి, లేకపోతే లెక్కే తేడా వస్తుంది.

గేరు దొరికినంత కాలం నా ఓటు దానికే. మీటరు పెట్టె పగిలి ఉంటేనే రెండోది. ఏది చేయించినా కావలి వైపు హైవే ఎక్కి, కిలోమీటరు రాళ్లతో ఒక పది కిలోమీటర్లు సరిచూసుకున్నాకే మెకానిక్‌కు మిగతా డబ్బులివ్వండి.