జర్మన్ బీరు మగ్గులు: దాచుకోవడానికి ఏది మేలు?

మూత ఉన్న జర్మన్ బీరు మగ్గును గుర్తుగా దాచుకోవాలనుకునేవారు ఎక్కువగా మూడు రకాల మధ్య ఊగిసలాడతారు: మ్యూనిక్ బీరు పండుగైన అక్టోబర్‌ఫెస్ట్ మగ్గు, మెట్లాఖ్ ఊరి కార్ఖానాలో చేసిన మగ్గు, సైనికుల రిజర్విస్టు మగ్గు (సేవ ముగించి రిజర్వులోకి వెళ్లే సైనికులు గుర్తుగా చేయించుకున్నది). నన్నడిగితే కాస్త ఆగి, డబ్బు కూడబెట్టుకునైనా మెట్లాఖ్ మగ్గే కొనమంటాను.

అక్టోబర్‌ఫెస్ట్ అధికారిక మగ్గు 1978 నుంచి ఏటా వస్తోంది. ఆ ఏటి పోస్టరు బొమ్మే దాని మీదా ఉంటుంది. మ్యూనిక్‌లో చదువుకునే మన పిల్లలు ఇంటికి తెచ్చే కానుకగా బాగుంటుంది. ఆ ఏడాది గుర్తుండిపోతుంది. కానీ అచ్చు బొమ్మలో చేతిపని చూడలేం.

మెట్లాఖ్ సంగతి వేరు. సార్ నది ఒడ్డున, ఒకప్పటి క్రైస్తవ మఠంలో విలెరాయ్ అండ్ బాఖ్ సంస్థ నడిపిన కార్ఖానా అది. 19వ శతాబ్దం చివర్లో అక్కడ చేసిన చెక్కుడు మగ్గులను చేతిలోకి తీసుకుని, బొమ్మలోని మనిషి గడ్డం మీదో, చొక్కా మడత మీదో వేలు పోనివ్వండి. ప్రతి రంగు చుట్టూ సన్నని నల్ల గీత వేలికి తగులుతుంది. ఆ గీతే పనితనం. మగ్గు తిరగేస్తే అడుగున కార్ఖానా ముద్ర, నమూనా సంఖ్య, చాలావాటి మీద తయారైన ఏడాదిని తెలిపే రెండంకెలు కూడా కనిపిస్తాయి. కొనేముందు పిడి అతుకునూ తగరపు మూత కీలునూ వెలుతురులో పరిశీలించాలి. సన్నని పగులున్నా ధర బాగా పడిపోతుంది.

మనసును కదిలించేది మాత్రం రిజర్విస్టు మగ్గే. దాని మీద సైనికుడి పేరు, రెజిమెంటు, సేవ చేసిన సంవత్సరాలు, తరచుగా తోటివారి పేర్లు కూడా ఉంటాయి. పింగాణీ మగ్గును వెలుతురుకు ఎత్తి లోపలికి చూస్తే అడుగున దాగిన బొమ్మ తేలుతుంది. 1914కు ముందు ఇలాంటి మగ్గు చేయించుకున్నవారిలో ఎందరో ఆ తర్వాత యుద్ధానికి వెళ్లారు. అందుకే దీన్ని రెండో స్థానంలో పెట్టడం నాకు కష్టంగానే ఉంది. అయితే నకిలీలు విపరీతం. అడుగు బొమ్మలో నగ్న స్త్రీ కనిపిస్తే అది తర్వాతి కాలపు నకలేనని అనుమానించాలి. తెలిసినవారు పక్కన లేకుండా కొనకండి.

చెక్కుడు మగ్గు ధర అందకపోతే మెట్లాఖ్‌లోనే మెరిసే గాజుపూత కింద బొమ్మ అచ్చు వేసినవి ఉన్నాయి. తాకితే నునుపుగా ఉంటాయి, సాధారణంగా చవకగా దొరుకుతాయి. వాటితో మొదలుపెట్టవచ్చు.